పొరుగువాని నెరుగు చదువు

పసిబిడ్డలకు పరుల యాచారములను, భాషలను, మతములను గూర్చి ప్రాథమిక పాఠశాలయందే కొంత తెలుపవలెనను మాటను నేడు కాదనువారు లేరు. ప్రభుత్వపు పాఠ్యప్రణాళికలు ఆ మాట చెప్పుచున్నవి. ప్రయివేటు పాఠశాలల ప్రకటన పత్రములు అంతకంటె బిగ్గరగా చెప్పుచున్నవి. చిక్కంతయు నెట్లు తెలుపవలెననుటలో నున్నది. మా బ్రాడీపేటలో ఏ అడ్డరోడ్డు తిరిగినను ఒక పాఠశాలయో, ఒక ట్యూషను గృహమో కనబడును. బిడ్డలకు లోకజ్ఞానము కొరతపడరాదని పెద్దలు వెచ్చించు ధనము స్వల్పము కాదు. అయినను పక్కవానిని గూర్చిన జ్ఞానము ఆ వెచ్చమునకు దగినట్లు పెరుగుచున్నదా యని, ఇరువది యేండ్లుగా చిన్నతరగతులకు చదువు చెప్పుచున్న మాకు సందేహము కలుగుచున్నది. ఆ సందేహమునే గృహస్థుల యెదుట నుంచుచున్నాము.

ఏటేట ననేక పాఠశాలలలో వేషధారణోత్సవ మొకటి జరుగును. ఒక బాలుడు పంజాబువారి తలపాగా చుట్టును. ఒక బాలిక కేరళీయుల తెల్లచీర కట్టును. వేరొకతె అద్దాలు కుట్టిన లంగాయు, మోచేతివరకు తెల్లని గాజులును ధరించి లంబాడీ పడుచగును. ఈ దుస్తులన్నియు నొకపూట కద్దెకు దొరకును. ఒక్కొక్కరు వేదిక యెక్కి రెండు వాక్యములు వల్లించి దిగుదురు. తల్లిదండ్రులు సెల్‌ఫోనులతో ఛాయాచిత్రములు తీయుదురు. భిన్నత్వమున నేకత్వము సిద్ధించినదని యెవరో యొక పెద్దమనిషి ముగింపు పలుకులు పలుకును. ఇందు దోష మేమియు లేదు; పిల్లలకు వేడుక. కాని దీనిని పరసంస్కృతి బోధ యనుట మాత్రము చెల్లదు. ఆ వేషము వేసిన బాలిక తన బ్రతుకులో నొక్క లంబాడీ పిల్లతోనైనను మాటలాడి యుండదు. ఆమె నేర్చినదెల్ల, పరులనువారు రంగురంగుల బట్టలు కట్టుకొని యెచ్చటనో దూరమున నుందురని.

పరులు దూరమున లేరు. సంక్రాంతి వెళ్లినది మొదలు వేసవి ముదురు వరకు మా చుట్టుపట్ల చేలలో మిరపకాయ కోత సాగును. కర్నూలు సీమనుండి కుటుంబములకు కుటుంబములే మూటాముల్లెతో తరలివచ్చి, చేలగట్ల మీద పరదాపట్టాలతో గుడిసెలు వేసికొని కాయ కోయుదురు. బిడ్డలును వెంటనే వత్తురు. వారిలో బడి మానుకొని వచ్చినవారే పెక్కుమంది. గుంటూరు పట్టణముననే లాలాపేట ప్రాంతమున ఇండ్లలో ఉర్దూ మాటలాడు పిల్లలున్నారు. చేబ్రోలు దాపున కొత్తరెడ్డిపాలెమున తాము యూదుల వంశమువారమని చెప్పుకొను తెలుగు కుటుంబములును, వారి ప్రార్థనామందిరమును గలవు. ఈ సంగతి మా పట్టణమున విద్యావంతులలో నెందరెరుగుదురు? యెరూషలేమును గూర్చి భూగోళమున చదువు బాలుడు పది పన్నెండు మైళ్ల దూరములోనున్న కొత్తరెడ్డిపాలెమును గూర్చి వినకయే బడి ముగించును.

ఇక బోధలోని సారము మాట. మన పాఠ్యపుస్తకములు, ప్రతిజ్ఞలు, ప్రార్థనలు అన్నియు నొక్క వాక్యమునే తిప్పితిప్పి చెప్పుచుండును: మనమందర మొక్కటే యని. ఆరేండ్ల బిడ్డకు ఈ మాట నిజము కాదని తెలియును. ఎవరింట మంచినీళ్లు త్రాగవచ్చునో, ఎవరింట త్రాగరాదో ఆ వయసునకే వాడు ఇంట చూచి నేర్చియుండును. పనిమనిషి త్రాగు గ్లాసు గూటిలో వేరుగా నుండుట వాడు చూచినదే. తన యింటికి ఏ స్నేహితుని పిలిచిన అమ్మ ముఖము వికసించునో, ఏ స్నేహితుని పిలిచిన అమ్మ ‘వాళ్ళేమిట్లురా?’ యని యడుగునో వాడెరుగును. ఇంత యెరిగినవాని చేత చేయి చాపించి అందర మొక్కటే యని పలికించితిమేని, వాడు సమత్వమును నేర్వడు. బడిలో చెప్పవలసిన మాట యొకటి, ఇంట నడవవలసిన తీరు వేరొకటి యని నేర్చును. అబద్ధమునకు ఇంతకంటె మంచి అక్షరాభ్యాసము లేదు.

మా యభిప్రాయమున, బోధ భేదమును ఒప్పుకొనుటతో మొదలుకావలెను. మనుష్యులు భిన్నముగా తిందురు, భిన్నముగా మ్రొక్కుదురు, భిన్నముగా ఏడ్తురు. ఇది నిజము. దీనిని దాచుట యనవసరము. అయితే ఈ భేదములతో కలగలసి, వాని వలెనే కనబడుచు, వాని పేరుతోనే చలామణియగు వేరొక వస్తువున్నది. అది హెచ్చుతగ్గుల లెక్క. నీవు వేరు అనుట యొకటి. నీవు తక్కువ అనుట యొకటి. మొదటిదానిని గౌరవింపుమని బిడ్డకు నేర్పవలెను; రెండవదానిని గౌరవింపవద్దని నేర్పవలెను. ‘అన్ని సంస్కృతులను గౌరవింపవలె’నను నినాదము ఈ రెంటిని నొకే మూటగట్టి బిడ్డ చేతి కిచ్చుచున్నది. వేరు గ్లాసుకూడ మా యింటి యాచారమే కదా, దానినిగూడ గౌరవింపుడని యెవడైన వాదించిన, ఆ నినాదమునొద్ద సమాధానము లేదు.

మాట తేటపడుటకు జరిగిన దొకటి చెప్పుదుము. భారత సర్వోన్నత న్యాయస్థానము 2001 నవంబరు 28న ప్రాథమిక పాఠశాలలలో వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞాపించెను. మన రాష్ట్రమున 2003 జనవరినుండి ఆ భోజనము మొదలయ్యెను. మేమెరిగిన యొక పాఠశాలలో ఆ భోజనము తిను పిల్లలు నొక వరుసగను, ఇంటినుండి క్యారియరు తెచ్చుకొను పిల్లలు నొక వరుసగను కూర్చొనుచుండిరి. ఎవరును కులము పేరెత్తలేదు. క్యారియరు పేరే యెత్తిరి. కాని రెండు వరుసలును చూచిన కన్నున్నవానికి సంగతి బోధపడక మానదు. ఒక యేట హాజరుపట్టీలోని పేర్ల క్రమమున పిల్లలను కూర్చుండబెట్టిరి. పక్షము దినములు గడువకముందే యొక తల్లి బడికి వచ్చెను. మర్యాదస్థురాలు, చదువుకొన్నది. “మాస్టారూ, పక్క పిల్లాడి గుడ్డు వాసనకి మావాడు అన్నం ముట్టడం లేదండీ. కాస్త ఎడంగా కూర్చోబెట్టండి” అనెను. ఆమె మాట నిజమే. పుట్టి బుద్ధెరిగిన తరువాత గుడ్డు వాసన నెరుగని బిడ్డకు కడుపులో త్రిప్పుట బూటకము కాదు. దానిని వెక్కిరించు సంస్కర్తలను మేమెరుగుదుము, వారితో మేమేకీభవింపము. నలుగురు బిడ్డల నెడముగా కూర్చుండబెట్టుట కష్టము కాదు, అట్లే చేసిరి. అటుపిమ్మట ఆమె గడపదాటబోవుచు, గొంతు కొంచెము తగ్గించి, “అసలు ఆ పిల్లాడు వాళ్ళేమిట్లండీ?” అని యడిగెను.

ఈ రెండు వాక్యములును నొకే నోట, నొకే నిమిషమున వెలువడినవి. మొదటిది భేదమునకు సంబంధించినది. దానికి పాఠశాల తలయొగ్గవచ్చును. రెండవదానికి బదులు చెప్పరాదు. ఆ యుపాధ్యాయుడు చెప్పలేదు. మరుసటి యేట ఆ బాలుని వేరు పాఠశాలలో చేర్చిరి. మేము గమనించిన దేమనగా, తరగతిలోని పిల్లలకు మాత్రము ఈ విషయమున మార్గము సులభముగనే దొరకినది. గుడ్డు తినని వాడు తినకుండవచ్చును, ముక్కు మూసికొనరాదు. తినువాడు తినవచ్చును, దానిని తినని వాని ముఖముకడకు తీసికొనిపోయి ఆటపట్టింపరాదు. ఈ చట్టమును పిల్లలే యేర్పరచుకొనిరి. పెద్దల కింత తేలికగా కుదురునా? మా పేటలో ఇల్లద్దెకిచ్చు ప్రకటన పలకలమీద ‘శాకాహారులకు మాత్రమే’ యని వ్రాయువారు గలరు. అది కూర వాసనను గూర్చిన మాటయో, ‘ఏమిట్లు’ అను మాటకు మర్యాదగల మారుపేరో, వ్రాసిన వారి మనస్సాక్షికే తెలియవలెను.

హెచ్చుతగ్గుల లెక్కను సంస్కృతియని పిలుచుటలోని ప్రమాదమునకు మా సీమలోనే యొక పెద్ద నిదర్శనమున్నది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద ఆంగ్ల ప్రభుత్వము కొన్ని తెగలను పుట్టుకతోనే దొంగలుగా నెంచెను. 1910 దశకమున బాపట్ల చేరువ స్టూవర్టుపురమున ఎరుకలవారిని నివాసము పెట్టించి, దాని నిర్వహణమును సాల్వేషన్ ఆర్మీ వారి కప్పగించిరి. 1952లో ఆ చట్టము రద్దయినది. చట్టము పోయినను మాట పోలేదు. దొంగతనము వాళ్ల సంస్కృతియండీ యని సినిమాలు చూచి నవ్వుచు చెప్పు పెద్దమనుష్యులను మేము నేటికిని వినుచున్నాము. ఆ తెగ బిడ్డ తరగతిలో నుండగా ఒకని పెన్సిలు పోయినదనుకొందము. తలలన్నియు నెటు తిరుగును? పరసంస్కృతి బోధకు అదియే పరీక్షాసమయము. అప్పుడు ఉపాధ్యాయుని తలకూడ అటే తిరిగినచో వేషధారణోత్సవములు నూరు జరిపియు ఫలము లేదు.

బోధ నెచ్చట నారంభింపవలెను? ఎదుటివాని యింటినుండి కాదు. బిడ్డ సొంతవంటింటినుండి యారంభింపవలెనని మా యనుభవము. గుంటూరు బిడ్డకు తనదని గర్వపడదగిన వస్తువొకటున్న దన్నచో అది మిరపకాయ. ఆసియాలోనే పెద్దదని పేరొందిన మిరప విపణి మా పట్టణమున నున్నది. కారమన్నచో గుంటూరు, గుంటూరన్నచో కారము. ఆ మిరపకాయ మనది కాదు. అది అమెరికా ఖండమున పుట్టినది. కొలంబసు 1492లో ఆ తీరములు చేరిన తరువాత ఐరోపావారి చేతిమీదుగా వెలికివచ్చి, పోర్చుగీసు వర్తకుల యోడలమీద మన తీరములను చేరినది. అంతకుముందు మన తాతల నాలుకకు కారమన్నది మిరియములనుండి వచ్చినది. మిరప యను పేరే మిరియమును తలపించుచున్నది. క్రొత్తగా వచ్చిన కాయకు పాత కారపు పోలిక పేరు పెట్టి, దానిని మనవారు ఇంటిలోనికి పిలుచుకొనిరి.

ఈ సంగతి రెండవ తరగతి పిల్లలకు చెప్పినప్పుడు వారి కనులలో కనబడు ఆశ్చర్యము మేము వర్ణింపలేము. వెంటనే వారికొక పని చెప్పుదుము. ఇంటికి పోయి నేడు అమ్మ వండినవాటిలో సముద్రము దాటి వచ్చినవేవో తెలిసికొని రండని. టమాట అమెరికానుండి వచ్చినది. బంగాళాదుంప అక్కడిదే. వేరుసెనగ అక్కడిదే. జీడిపప్పు, జామపండు, బొప్పాయి యన్నియు నక్కడివే. ఒక బాలిక సీతాఫలముమాత్రము మనదే మాస్టారూ, సీతమ్మవారిది కదా యని పట్టుబట్టెను. అదికూడ అమెరికా పండే యని తెలిసి ఆ బాలిక చిన్నబోలేదు. ‘అయితే సీతమ్మవారు దానిని పెంచుకొన్నారు’ అనెను. మేమింతకంటె చక్కని వ్యాఖ్య ఏ పండితునివలనను వినలేదు. మా నల్లరేగడి నేలలలో నేడు పండు ప్రత్తికూడ చాలవరకు అమెరికా జాతిదే. పొగాకు సంగతి చెప్పనక్కరలేదు.

భాషకు వచ్చినను నంతే. ఉపాధ్యాయుడు కుర్చీలో కూర్చొని, తారీఖు వేసి, హాజరు పిలిచి, కాగితము తీయుడని చెప్పి, ప్రశ్నకు జవాబు వ్రాయుమనును. కుర్చీ, తారీఖు, హాజరు, కాగితము, జవాబు – ఇవియన్నియు అరబ్బీ పారశీకములనుండి వచ్చిన మాటలు. తరగతిలో ఉర్దూ మాటలాడు బాలుడుండిన యెడల, ఆ పాఠమున వాడు తొలిసారిగా తరగతికి ఏదో యిచ్చిన వాడగును. ఈ మాటలు మా యింట్లోనూ ఉన్నవని వాడు లేచి చెప్పును. అంతవరకు తెలుగు సరిగా రానివాడని పేరుపడిన ఆ బాలుడే ఆ గంటసేపు మిగిలినవారికి గురువు.

అయితే ఇచ్చట నొక హెచ్చరిక. వస్తువులు కలసిపోయినంత మాత్రమున మనుష్యులు కలసిరని యనుకొనరాదు. మిరపకాయ వచ్చినప్పుడు దాని కులమేమని యడిగినవాడు లేడు. ఆ కాయను కోయుటకు వచ్చిన మనిషిని నేటికిని అడుగుచున్నాము. పాఠము వంటింటిలో నారంభమైనను అచ్చటనే యాగిపోరాదు.

మా సీమ చరిత్రయు నీ పాఠమునకు కావలసినంత సామగ్రి నిచ్చును. నాగార్జునకొండ శాసనములలో నొకటి బోధిసిరి యను ఉపాసిక వ్రాయించినది. అందు కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, యవన దేశము, తామ్రపర్ణీ ద్వీపము మొదలగు దేశముల పేర్లున్నవి. ఆ దేశములకు ధర్మబోధ చేసిన సింహళపు థేరులకొరకు ఆమె కట్టడము కట్టించెను. పదునేడు వందల యేండ్ల క్రిందట కృష్ణాతీరమున నొక గృహిణికి ఇన్ని దేశముల పేర్లు తెలియును. విహారయాత్రకు బిడ్డలను నాగార్జునసాగరము ఆనకట్ట చూపి తెచ్చు పాఠశాలలు ఈ యొక్క పేరును వారికి చెప్పి తేవచ్చును. తరువాతి కాలమున 1842లో జర్మనీలో పుట్టి అమెరికానుండి వచ్చిన లూథరన్ ఫాదరీ హయ్యరు గుంటూరు చేరెను. 1883లో డాక్టరు అన్నా కూగ్లరు వచ్చెను. వారి బడులును, ఆసుపత్రియు నంతవరకు మూయబడిన తలుపులను కొందరికి తెరచినవి. పరుల దేవతలను అంధకారమని బోధించు నాటి మిషనరీల ధోరణియు ఆ కాలపు చరిత్రలోనిదే. ఈ రెంటిని నొకే వాక్యమున చెప్పుటకు పెద్దలు జంకుదురు. పిల్లలు జంకరు, మంచిపని చేసినవాడు పొరపాటు మాట కూడ అనవచ్చునని వారు తమ యింటనే యెరుగుదురు.

పరుని లోపలికి ప్రవేశించుట యనగా నేమో చూపుటకు మా జిల్లాలో ఒక మహాకవి యున్నాడు. గుర్రము జాషువ 1895లో వినుకొండలో పుట్టెను. అస్పృశ్యతవలన కలిగిన యవమానములను బాల్యముననే రుచిచూచెను. గుంటూరులో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. 1971లో గుంటూరుననే మరణించెను. క్రైస్తవ గృహమున పుట్టిన ఆయన సంస్కృత పదబంధుర మగు తెలుగు పద్యములో పారశీక మహమ్మదీయ కవి ఫిరదౌసి కథను వ్రాసెను. మూడు మతములు, మూడు భాషలు ఆ ‘పిరదౌసి’ యను నొక చిన్న కావ్యమున కలిసినవి. ఆయన కది యెట్లు సాధ్యమైనది? పారశీకుల వేషభాషలను చూచి ముచ్చటపడుటవలన మాత్రము కాదు. మాట తప్పిన ప్రభువు చేతిలో అవమానము పొందిన కవి బాధ ఆయనకు తెలిసిన బాధయే. తరువాత 1941లో ‘గబ్బిలము’ వ్రాసినప్పుడు కాళిదాసుని మేఘుని స్థానమున గబ్బిలమును నిలిపి, మనిషికి దొరకని దేవాలయ ప్రవేశము పక్షివలె ఎగురు ఆ చిన్నప్రాణికి దొరకుటను చూపెను. చిన్నపిల్లలకు ఆ పద్యములు కొరుకుడు పడవు. కాని ఆ కథ పడును. ఒకసారి చెప్పినప్పుడు మూడవ తరగతి బాలుడొకడు, ‘గబ్బిలాన్ని పోనిచ్చి మనిషిని ఎందుకు ఆపారు?’ యని యడిగెను. దానికి జవాబు చెప్పుటకు మేము పాఠ్యపుస్తకమును మూసి, ఆ గంటయంతయు వెచ్చింపవలసి వచ్చెను.

పిల్లలమాట యటుంచి ఉపాధ్యాయులమాట. బోధించువాడు ముందు తాను నేర్చుకొనకున్న ఈ విద్య సాగదు. ఇందునకు గిడుగు రామమూర్తి పంతులవారికంటె గొప్ప నిదర్శనము మనకు లేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, కొండలమీది సవరల భాష తనకు రాదని గుర్తించి, ఆ భాష వచ్చినవానిని ఇంట పెట్టుకొని నేర్చికొనెను. ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించెను. ఆయన రచించిన సవర భాషాగ్రంథము 1931లోను, సవర – ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముచే ముద్రింపబడినవి. సవరలను మార్చవలెనని కాదు, వారి మాటలోనే వారికి చదువు చెప్పవలెనని ఆయన పూనిక. ఆయన జీవితమంతయు నెదిరించిన గ్రాంథికముననే ఆయనను మేము పొగడుచున్నామని చదువరులు నవ్వుకొన్న, ఆ నవ్వును మేము స్వీకరింతుము. ఆయన త్రోవనే తరువాత, 2004 ప్రాంతమున, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా యను ఎనిమిది భాషలలో చిన్నతరగతులకు వాచకములు సిద్ధము చేయించెను.

మైదానపు బడులలో మాకు కావలసిన భాషాజ్ఞానము అంత పెద్దది కాదు. కోతలకు వచ్చిన కర్నూలు సీమ పిల్ల ‘యాడికి పోతాండావు’ అనగానే తరగతి గొల్లుమనును. ఆ నవ్వును ఆపుటకు శిక్ష యక్కరలేదు. మన పల్నాటి ముసలమ్మలు సైతము ‘యాడ’ యనియే యందురని గుర్తుచేసిన చాలును. తరగతిలో ఇద్దరు ముగ్గురు తమ నాయనమ్మల నోటి మాటను తలచుకొని తలవంచుకొందురు. టి.వి.లో వినబడు తెలుగు ఒక్కటే తెలుగు కాదని బిడ్డ తెలిసికొనుట పరభాషను గౌరవించుటకు మొదటి మెట్టు.

మనుష్యులను పక్కపక్కన కూర్చుండబెట్టినంత మాత్రమున ద్వేషము తొలగునా యను ప్రశ్నను అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు గోర్డన్ ఆల్‌పోర్టు 1954లో ప్రకటించిన గ్రంథమున విచారించెను. తొలగదని, నలుగురును సమానస్థితిలో నుండి, అందరికి కావలసిన యొక పనిని కలసి చేయుచు, పైయధికారుల మద్దతు కూడ ఉన్నప్పుడే తొలగునని ఆయన తేల్చెను. 1971లో టెక్సాసు రాష్ట్రపు ఆస్టిన్ పట్టణమున నల్లవారి పిల్లలును, తెల్లవారి పిల్లలును, మెక్సికను వంశీయుల పిల్లలును క్రొత్తగా నొకే తరగతిలో కూడి తగవులాడుచుండగా, ఎలియట్ ఆరన్‌సను అనునాయన యొక యుపాయము పన్నెను. పాఠమును ముక్కలు చేసి, చిన్న జట్టులోని ఒక్కొక్క బిడ్డకు నొక్కొక్క ముక్క యిచ్చెను. తన ముక్కను తాను చదివి మిగిలినవారికి చెప్పవలెను. ఎవరి ముక్కను వారు చెప్పనిది ఎవరికిని పాఠము పూర్తికాదు. నిన్నటివరకు వెక్కిరించిన పిల్లవాని మాటను నేడు చెవియొగ్గి వినక తప్పదు.

ఈ యుపాయమును మా వద్ద మిరప పాఠముతో కొందరు ఉపాధ్యాయులు ప్రయత్నించిరి. రైతుబిడ్డకు నారు, మందు, నీరు తెలియును. కమీషను వ్యాపారి కుమారునికి టిక్కీల లెక్క, ధర, యార్డులోని బేరము తెలియును. లారీ నడుపువాని కొడుకునకు కాయ యెచ్చటి కెగుమతియగునో తెలియును. కోతకు వచ్చినవారి కూతురికి తెలిసినది మిగిలిన ముగ్గురికిని తెలియదు: కాయను తొడిమ విరుగకుండ కోయుటెట్లు, కల్లములో తాలుకాయను ఏరుటెట్లు, సాయంకాలము చేతులు మండుచుండగా అదే చేతితో కంటిని రుద్దుకొనక నిద్రపోవుటెట్లు. ఆ చివరి మాట ఆ బాలిక చెప్పినప్పుడు వ్యాపారి కుమారుడు తన చేతులను చూచుకొనెనని ఆ పాఠము చెప్పిన యుపాధ్యాయిని మాతో ననెను.

గృహస్థులకును నొక్క మాట చెప్పవలసి యున్నది. పరుల నెరుగవలెనన్న అడుగవలెను. కాని మన దేశమున అడుగుట ప్రమాదకరమైన పని. ఇంటిపేరు అడిగిన కులమడిగినట్లే. ఏమి తిందురని యడిగినను, ఏ వీధియని యడిగినను, తాతగారేమి చేసెడివారని యడిగినను అంతే. అందుచేత అడుగవద్దని కొందరు బిడ్డలను కట్టడి చేయుదురు. అది యెడమును పెంచును గాని తగ్గింపదు. మేము పిల్లలకు చెప్పునది యొక చిన్న నియమము: అడుగుటకు ముందు నీ సంగతి చెప్పుము. మా యింట ఆదివారము ఇది వండుదురు, మీ యింట నేమి వండుదురు అనుట స్నేహము. మీ యింట నేమి వండుదురని మాత్రమే యనుట విచారణ. పెద్దలుకూడ ఈ నియమమును పాటించి చూడవచ్చును. ‘మీరేమిట్లండీ’ యను ప్రశ్నకు ముందు తమ సంగతి చెప్పుకొనవలసి వచ్చిన, ఆ ప్రశ్న పెక్కుమార్లు నోటిలోనే ఆగిపోవును.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1922లో గుంటూరున శారదానికేతనమును స్థాపించిన నాడు, గోరాగారు ముదునూరులో సహపంక్తి భోజనములు పెట్టిన నాడు, భోజనపు పంక్తియే సంస్కరణ రంగము. నేడు ఆ పంక్తి ప్రతి ప్రభుత్వపు బడిలో మధ్యాహ్నము వడ్డింపబడుచున్నది. మన పేటల పిల్లలలో పెక్కుమంది ఆ పంక్తికి దూరమున, వేరు పాఠశాలలలో, తమవంటివారి నడుమనే పెరుగుచున్నారు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రయివేటు పాఠశాలల మొదటి తరగతిలో నాలుగవవంతు స్థానములను పేదబిడ్డల కుంచవలెనని విధించినది. ఆ బిడ్డలు వచ్చినచోట వారిని వేరు సెక్షనులో పెట్టకుండుటయే మొదటి పాఠము.

కోతలకు వచ్చిన పిల్లల మాట మిగిలియున్నది. వారు బడికి వచ్చుట మూడు నెలలో, నాలుగు నెలలో. అదియు తల్లిదండ్రులు పంపినప్పుడు. ఎండలు ముదిరి కోతలు ముగియగానే ఒక తెల్లవారుజామున కుటుంబమంతయు లారీ యెక్కి పోవును. హాజరుపట్టీలో ఆ పేరు ప్రక్కన కొన్ని దినములు ఖాళీ గళ్లుండి, పిదప ఎర్రసిరా గీత పడును. ఇందుకు ప్రతిగా ఉపాధ్యాయులు ముందే కనుక్కొని, పిల్ల ఎంతవరకు చదివినదో నొక కాగితమున వ్రాసి చేతికిచ్చి పంపి, ఆ యూరి బడివారికి ఫోనుచేసి చెప్పుట యసాధ్యము కాదు. చేయు చోటులు గలవు. అట్టి కాగితమొకటి మేము చూచితిమి. క్రింద రెండవ తరగతి పిల్లలందరును సంతకములు చేసిరి. వారిలో నలుగురైదుగురికి అప్పటికింకను తమ పేరు వ్రాయుట సరిగా రాదు. ఆ పిల్లయే వారి చేయిపట్టి దిద్దించినదట.